చెప్పుల దగ్గర నిలబడే మనిషి

చర్చి లోపల రెండో పాట మొదలైంది. బయట మెట్ల పక్కన యోబు వంగి, ఒక్కొక్క చెప్పునూ రెండు వేళ్ళతో ఎత్తి, బోర్లించి అడుగు చూసి, మళ్ళీ ఎక్కడిది అక్కడ పెడుతున్నాడు. ఆదివారం కాబట్టి నూటికి పైగా జతలున్నాయి. ఆడవాళ్ళవీ ముసలివాళ్ళవీ వదిలేస్తాడు. పద్దెనిమిది నుంచి పాతికేళ్ళ మగవాడి కాలు ఏ చెప్పులో ఉండి వచ్చిందో చూడగానే తెలిసిపోతుంది అతనికి. అదెలా అంటే చెప్పలేడు. పచ్చడి జాడీ మూత తీయకుండానే లోపల ముక్క మెత్తబడిందో లేదో చెప్పే ఆడవాళ్ళు లేరూ, అలాగే.

అరిగిన చోటే మనిషి పరుగు దాగి ఉంటుందని అతని నమ్మకం. బొటనవేలి కింద గుంట పడితే వాడు నేలను తన్ని లేచేవాడు. మడమ బయటి అంచు కోసుకుపోయి ఉంటే వాడు ఆ కాలి మీద గిర్రున తిరిగేవాడు. అడుగంతా సమంగా అరిగిందంటే వాడు మంచి ఉద్యోగం చేసుకుంటాడు గానీ బంతి దగ్గరికి రాడు.

తెల్ల చీర కొంగు తలమీద కప్పుకుని ఎలీషమ్మ మెట్ల మీదికి వచ్చింది. ముప్పై నాలుగేళ్ళుగా ఆమె అతని భార్య. బడిలో మధ్యాహ్నపు వంట చేస్తుంది.

"పాట అయిపోవస్తాంది. దేవుడు కాళ్ళు జూడడయ్యా, గుండె జూస్తడు. ఇగ లోపటికి రా."

"గుండె జూసుడు ఆయన పని. కాళ్ళు జూసుడు నాది."

"అవ్, తెల్వదా నాకు. పెండ్లిచూపులకు వచ్చి నా మొకం జూసినవా? తలకాయ కిందికేసి కాళ్ళే జూసినవ్. పిల్లోడు సిగ్గుపడుతుండని మా అమ్మ మురిసిపోయింది."

"ఎడమ కాలు జెర లోపటికి ఏస్తవ్ నువ్వు. ఇప్పటికీ."

"ఏసినా ఇంత దూరం నడిచిన గదా నీతోని," అని ఆమె లోపలికి వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి గొంతు తగ్గించింది. "ఉంచితే ఉంచనియ్యి, తీస్తే తీయనియ్యి. పరేషాన్ గాకు. బడిల వంట నేను జేస్తనే ఉన్న."

ఆ మాట వినబడనట్టే యోబు ఇంకో చెప్పు ఎత్తాడు.

అతనికి అరవై ఒకటి. పొడుగు మనిషి, ఇప్పుడు కొంచెం ముందుకు వాలాడు. కుడి మోకాలు వంగితే చిన్న చప్పుడు చేస్తుంది. జుట్టు నెరిసినా కనుబొమలు ఇంకా నల్లగానే ఉన్నాయి. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక కార్డు ఉంటుంది. 'వేకువచుక్క ఫుట్‌బాల్ క్లబ్, మేడ్చల్. కె. యోబు, ఆటగాళ్ళ ఎంపిక డైరెక్టర్' అని దాని మీద అచ్చు వేసి ఉంటుంది. ఒక ఏడు జీతం పెంచడానికి క్లబ్బు దగ్గర ఏమీ లేకపోతే, పెంచడానికి బదులు ఆ కార్డులు అచ్చు వేయించి ఇచ్చారు. రెండు వందల కార్డుల్లో నూట ఎనభై ఇంకా ఇంట్లో బీరువా మీదే ఉన్నాయి. ఇచ్చిన ఇరవైలో సగం పైగా పిల్లల తల్లులకు ఇచ్చినవే. కార్డు చూస్తే వాళ్ళకు ధైర్యంగా ఉండేది.

ఆ క్లబ్బు ఆడే మైదానం అప్పట్లో ద్రాక్ష తోట. మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా, ఇటు కొంపల్లి దాకా అన్నీ ద్రాక్ష తోటలే. ఇప్పుడు చెబితే నమ్మరు. పందిళ్ళ కింద ఆకుల మధ్య నుంచి ఎండ నాణేలు నాణేలుగా రాలేది. యోబు తండ్రి ఆ తోటలోనే గుత్తులు కోసేవాడు. తీగలకు ఏదో తెగులు వచ్చి తోట ఎండిపోయాక, పందిళ్ళు పీకేసిన నేల మీద యోబూ, మరో పదిమందీ బంతి ఆడటం మొదలుపెట్టారు. పందిళ్ళను మోసిన రాతి కడీలు ఇంకా మైదానం చుట్టూ నిలబడే ఉన్నాయి. తెల్లవారుజామున మంచులో చూస్తే, ఎవరో పిలిస్తే వచ్చి, ఎందుకు పిలిచారో మరిచిపోయి ఆగిపోయిన మనుషుల్లా ఉంటాయి. వాన పడిన రోజు ఆ మట్టి లోంచి అతనికి ఇప్పటికీ ద్రాక్ష వాసన వస్తుంది. ఇంకెవరికీ రాదు. అడిగి చూశాడు.

మోకాలు పోయేదాకా ఆడాడు. తర్వాత ఒక ఫ్యాక్టరీలో మిషను హెల్పరు, ఆ ఫ్యాక్టరీ మూతబడ్డాక ఈ క్లబ్బు. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. ఎవరినీ కొనలేని క్లబ్బుకు, ఎవరూ చూడని వాళ్ళను వెతికి తేవడం.

ఈ సాయంత్రం ఐదింటికి కమిటీ కూర్చుంటోంది. ఆరు లోపు లీగుకు ఆఖరి పేరు పంపాలి. ఒక్క పేరే. వెనక కాపు కాసే ఆటగాడు కావాలి. నిరుడు అక్కడే చిల్లు పడింది, ఇరవై తొమ్మిది గోల్స్ పడ్డాయి. మళ్ళీ ఆఖరున నిలిస్తే కింది డివిజన్‌కు పోతారు, పోతే క్లబ్బే ఉండదు. ఆ పేరుతో పాటు ఇంకొకటి కూడా తేల్చుకుంటామని కమిటీ కబురు పంపింది. యోబు కళ్ళ మీద ఇంకా నమ్మకం పెట్టుకోవాలా, వద్దా అని.

*

చర్చి గేటు ముందు షేర్ ఆటో ఆగింది. దుండిగల్ నుంచి గండిమైసమ్మ చౌరస్తాకు తిరిగే ఆటో అది. నడిపేవాడు జాన్సన్. వయసు ఇరవై ఆరు. మూడేళ్ళ కింద యోబు తెచ్చిన ఆటగాడు. ఒక్క సీజన్ ఆడాడు. దున్నలా ఉరికేవాడు, ఉరికినవాడు ఆగలేకపోయేవాడు, తిరగలేకపోయేవాడు. ఆ ఏడాది జీతమంతా వృథా అని కమిటీ అంటుంది. అద్దం మీద మాత్రం జెర్సీ తొడుక్కున్న జాన్సన్ ఫోటో అతికించి ఉంది.

"ఎక్కు పెద్దబాపూ. ఇయ్యాల సవారీలు లేవు, నువ్వొక్కనివే మారాజువు."

"చమురుకు పైసలు తీస్కో."

"తీస్కుంటే మా అమ్మ అన్నం పెట్టది. జెర ఇటు జరుగు, ఎండ మొకం మీద కొడ్తాంది."

ఆటో శామీర్‌పేట దారి పట్టింది. రోడ్డుకు రెండు పక్కలా కొత్త ఇళ్ళు, రంగు వేయనివి, కిటికీలు పెట్టనివి. వాటి మధ్య ఎక్కడో ఒక జొన్న చేను ఒంటరిగా ఊగుతోంది. జూలై గాలి తడిగా తగులుతుంటే యోబుకు కళ్ళు బరువెక్కాయి.

"పెద్దబాపూ, సవారీలు అడుగుతరు, గా ఫోటోల హీరో ఎవడని. నేనే అంట. నవ్వుతరు. నవ్వితే నవ్విండ్రు. నేనైతే అన్నిదినాలు గడ్డి మీద ఉరికిన గదా." కొంచెం సేపు ఆగి, "గంతమందిల నన్నే ఎట్ల గుర్తువట్టినవ్?" అన్నాడు.

యోబుకు మెలకువ వచ్చింది. ఆ డిసెంబరు పొద్దు కళ్ళముందుకు వచ్చింది. దుండిగల్ చర్చి బయట ఒక జత తోలు చెప్పులు. కుడి బొటనవేలి కింద నల్లటి గుంట, ఎడమ మడమ బయటి అంచు కత్తితో కోసినట్టు అరుగుదల. అంతకు ముందెప్పుడూ అలాంటి అరుగుదల చూడలేదు. ప్రార్థన ముగిసేదాకా ఆ చెప్పుల పక్కనే నిలబడ్డాడు. జాన్సన్ వచ్చి వాటిలో కాళ్ళు పెట్టాడు.

మరి ఆ కాళ్ళకు ఆట ఎందుకు రాలేదు? మూడేళ్ళుగా అతనికి అంతు చిక్కనిది అదొక్కటే.

"ఆ ఏడు నువ్వు తొడిగినవ్ జూడు, తోలు చెప్పులు," అన్నాడు. "ఉన్నయా?"

"అవా! అవి మా అన్నయి గదా. దుబాయి పోయేటప్పుడు ఇడిసిపోయిండు. పారేసుడెందుకని అమ్మ నన్ను తొడగమన్నది. లూజైతుండె నాకు, ముంగట గుడ్డపేలిక కుక్కుకొని నడిచేటోణ్ణి." జాన్సన్ నవ్వాడు. "పొద్దు మాపు బంతి ఆడేటోడు మా అన్న. ఇంట్ల సల్లకుండలన్నీ పగలగొట్టిండు. అమ్మ తిట్టేది."

"ఇప్పుడాడుతడా?"

"ఏడ ఆడుతడు? క్రేన్ మీద గూసుంటడు. దిగేటాళ్ళకు పొద్దుగూకుతది. ఎందుకడిగినవ్?"

యోబు అద్దం మీది ఫోటో వైపు చూశాడు. ఆటో ఊగుతుంటే అందులో జాన్సన్ కూడా ఊగుతున్నాడు.

"ఏం లేదు బిడ్డా. మంచి తోలు."

ఇది యోబుకు ముందే తట్టి ఉండాల్సింది కాదూ? ఆరో తరగతి దాకా తండ్రి చెప్పులకు వెనక తాడు కట్టుకుని నడిచినవాడు తను. ఈ ఇళ్ళల్లో చెప్పు ఎప్పుడైనా ఒక్కరితో ఆగిందా? అన్న నుంచి తమ్ముడికి, తమ్ముడి నుంచి అల్లుడికి. తోలు అరిగేది ఒకరి కాళ్ళకు, నడిచేది ఇంకొకరు. యోబు కళ్ళు మూసుకున్నాడు. ఎక్కడో ఇసుక దేశంలో ఎత్తైన క్రేన్ మీద, గాలిలో వేలాడుతూ రెండు పాదాలు కనబడ్డాయి. కుడి బొటనవేలు దేన్నో తన్నాలని ఎదురుచూస్తున్నట్టు కదులుతోంది.

*

శామీర్‌పేట చెరువు ఆ పూట పాలు ఒలికినట్టు ఉంది. నీళ్ళెక్కడ అయిపోతున్నాయో, ఆకాశం ఎక్కడ మొదలవుతోందో తెలియడం లేదు. గట్టు కింద రేకుల గుడిసె, పక్కన ముళ్ళకంప దడి. కుర్మయ్య గుడిసె అది. నలభై ఏళ్ళుగా గొర్రెలు కాస్తున్న మనిషి. అతని కొడుకు ఎల్లేష్, ఇరవై రెండేళ్ళవాడు. నాలుగు వారాల కింద బస్సు కిటికీలోంచి వాణ్ణి చూశాడు యోబు. చెరువు ఎండిన అంచున మేస్త్రీ పనివాళ్ళతో బంతి ఆడుతున్నాడు. అప్పటి నుంచి ప్రతి ఆదివారం వచ్చి పోతున్నాడు. ఈ రోజు తండ్రి మాట తీసుకోవాలి. ఎల్లుండి మంద నర్సాపూర్ అడవి వైపు కదులుతుంది. కదిలిందంటే ఎల్లేష్‌ను ఇంకెక్కడా వెతకలేరు.

గుడిసె ముందు ఒక జత రబ్బరు చెప్పులున్నాయి. యోబు చేయి దాని దారిన అది వెళ్ళింది. ఎత్తి బోర్లించాడు. అడుగంతా సమంగా, పలక మీద రాసి తుడిచినట్టు అరిగి ఉంది. బంతి దగ్గరికి రాని కాలు.

"గవి మా అవ్వయి తాతా," అన్నాడు లోపలి నుంచి వచ్చిన ఎల్లేష్. బక్కగా, నల్లగా, పొడుగ్గా ఉన్నాడు. మాట తక్కువ. "నాయి తెగిపోయినయి. నెల దాటె."

యోబు నవ్వాడు. ముందు చిన్నగా, తర్వాత ఆగకుండా. కళ్ళ నుంచి నీళ్ళు కారాయి. ఎందుకు నవ్వుతున్నాడో జాన్సన్‌కు తెలియకపోయినా వాడూ నవ్వాడు. చెప్పు కింద పెట్టేసి యోబు గట్టు మీద కూర్చున్నాడు. చూడటానికి ఇక అడుగు ఏదీ లేదు. కళ్ళే మిగిలాయి.

మంద రోడ్డు దాటుతోంది. ఎనభై గొర్రెలు, ఒక్క గొర్రెలా. అప్పుడే ఒక కారు హారన్ కొడుతూ మలుపు తిరిగింది. మంద పగిలిపోయింది. నాలుగు ఇటు, పది అటు. కుర్మయ్య కేక వేశాడు. జాన్సన్ లేచి, పారిపోతున్న గొర్రె వెనక ఉరికాడు. అది వాణ్ణి ముళ్ళ దాకా తీసుకుపోయి వదిలేసింది.

ఎల్లేష్ మాత్రం ఏ గొర్రె వైపూ వెళ్ళలేదు. రెండడుగులు పక్కకు వేసి, ఏమీ లేని చోట, రెండు రాళ్ళ మధ్య ఖాళీలో నిలబడ్డాడు. చేతులు కూడా ఎత్తలేదు. ఏదో మరిచిపోయి గుర్తు తెచ్చుకుంటున్న వాడిలా ఉన్నాడు. ముందు పరిగెత్తుతున్న పొట్టేలు సరిగ్గా అక్కడికే వచ్చి, వాణ్ణి చూసి ఆగి, తల తిప్పుకుంది. దాని వెనకవన్నీ తిప్పుకున్నాయి. ధూళి ఇంకా గాలిలో ఉండగానే మంద మళ్ళీ ఒకటైంది.

యోబు గట్టు దిగి వాడి దగ్గరికి వెళ్ళాడు.

"అది ఆడికే వస్తదని నీకెట్ల ఎరుక?"

ఎల్లేష్ ఆశ్చర్యంగా చూశాడు. ఆకలైతే ఎలా తెలుస్తుందని అడిగినట్టు. "పోయేముంగట చెవు తిప్పుతది గదా తాతా. మనిషైతే బుజం తిప్పుతడు."

అంతే. మనిషైతే భుజం తిప్పుతాడు. ఆ మాట నేర్పడానికి పెద్ద పెద్ద క్లబ్బులు ఎంతెంతమందిని పెడతాయో! ఇక్కడ గొర్రెలు ఊరికే నేర్పాయి.

కుర్మయ్య వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చుని చుట్ట ముట్టించాడు.

"ఏంది డైరెక్టర్ సారూ, బంతెనక ఉరికితే ఏమొస్తది? గొర్రెనక ఉరికితే గొర్రన్న మిగుల్తది."

"పేరొస్తది కుర్మన్నా."

"పేరును పొయ్యి మీద పెడితే ఉడుకుతదా?"

"ఉడకది. కానీ నీ కొడుకసొంటోడు నాకు మళ్ళ దొరకడు. ఇరవై రెండేండ్ల సంది జూస్తున్న."

కుర్మయ్య చుట్ట పీల్చాడు. పొగ నీళ్ళ వైపు పోయింది. "నా నడుము వంగుతలేదు సారూ. ఈడు లేకుంటే మంద ఎనక జీతగాణ్ణి పెట్టాలె. నెలకు పన్నెండు వేలకు తక్కువ ఎవడు రాడు. గా పైసలు నెలనెలా నా చేతుల పెట్టు, కొడుకును తోల్కపో. నాకు లాభమొద్దు. మంద ఆగమైతే మాత్రం నేనుండ."

అందులో అన్యాయం ఒక్క ముక్క కూడా లేదు. అదే కష్టం.

యోబు ఎల్లేష్ వైపు చూశాడు. వాడు దడి దగ్గర ఒక గొర్రెపిల్ల కాలిలోంచి ముల్లు తీస్తున్నాడు. వింటున్నాడు, విననట్టు. చెవి మాత్రం ఇటే తిరిగి ఉంది.

"ఐదింటికి జాన్సన్ వచ్చి తోల్కొస్తడు," అన్నాడు యోబు. "తయారుండు."

ఎక్కడి నుంచి తెస్తావని కుర్మయ్య అడగలేదు. యోబు కూడా అప్పటికి తనను తాను అడగలేదు.

*

మైదానం చేరేసరికి వాన. క్లబ్బు ఆఫీసు అంటే ఒక గది, పైన రేకులు, ఒక బల్ల, కుర్చీలు, గోడకు తెల్లబోర్డు. తడిసి వచ్చిన యోబు మెడలోని తువ్వాలు తీసి తల తుడుచుకుని, పిండి, కిటికీ చువ్వకు ఆరేశాడు.

లోపల ఇద్దరున్నారు. ఒకరు చైర్మన్ శ్రీనివాస్, చెక్‌పోస్టు దగ్గర టైల్సు షాపు. తన షాపు లాభంలోంచి క్లబ్బును ఐదేళ్ళుగా లాక్కొస్తున్నాడు. చెడ్డవాడు కాదు, అలసిపోయినవాడు. ఇంకొకరు కోచ్ ధర్మేందర్. బోర్డు మీద ఈ ఐదేళ్ళలో యోబు తెచ్చిన పదకొండు మంది పేర్లున్నాయి. ఏడింటి ఎదుట పచ్చ టిక్కు. నాలుగింటి ఎదుట ఎర్ర గీత. జాన్సన్ పేరు ఎదుట రెండు ఎర్ర గీతలు.

"కూసో యోబన్నా. కోపానికి రావద్దు," అన్నాడు శ్రీనివాస్. "ఒకలను తీస్కొనేటందుకే తాకత్ ఉంది మన దగ్గర. తప్పు జేసే తాకత్ లేదు. గా కొంపల్లి పిల్లగాని నాయిన ఊకె తీస్కోమంటుండు. జెర్సీలు ఇస్తడంట, బస్సు కిరాయి ఇస్తడంట. అకాడమీల నేర్చుకున్నడు. నీకేమాయె?"

"చూసిన. బూట్లు మంచిగ ఆడుతున్నయి. పిల్లగాడు ఇంకా మొదలువెట్టలే."

ధర్మేందర్ నవ్వు ఆపుకున్నాడు. శ్రీనివాస్‌కు నవ్వు రాలేదు.

"మరి నువ్వు తెచ్చేటోడు గొర్లకాపరి. చెప్పులు మస్తుగ అరిగినయా ఏంది?"

"అరిగినయి. కానీ అవి వాళ్ళ అవ్వయి."

"అన్నా, మజాక్ జేసే యాళ్ళ గాదు."

"మజాక్ గాదు శీనూ. చెప్పులు ఇడిసిపెట్టిన. మనిషిని జూసిన." ఎండలో, ధూళిలో తను చూసింది చెప్పాడు. రెండు రాళ్ళ మధ్య ఖాళీ గురించి, పొట్టేలు చెవి గురించి. చెబుతుంటే ధర్మేందర్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. భుజం మాట దగ్గర, "అరె," అని మాత్రం అన్నాడు.

బయట ఆటో ఆగిన చప్పుడు. జాన్సన్ ఎల్లేష్‌నూ కుర్మయ్యనూ తెచ్చి, వరండాలో నిలబెట్టి, తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. శ్రీనివాస్ వాణ్ణి చూసుకోలేదు.

"సరే. ఇదొక్కటి చెప్పు. జాన్సన్‌ను ఏం జూసి తెచ్చినవ్? మూడేండ్ల సంది అడుగుదామనుకుంటున్న."

వాన రేకుల మీద గట్టిగా పడుతోంది. జవాబు యోబు దగ్గర ఉంది. ఈ పొద్దునే దొరికింది. మూడు ముక్కల్లో చెప్పొచ్చు, చెబితే అతని కళ్ళ తప్పు సగానికి సగం కొట్టుకుపోతుంది. తలుపు దగ్గర జాన్సన్ తడి జుట్టు వెనక్కి తోసుకుంటూ, తన గురించి ఏం చెబుతారా అని చిన్నపిల్లాడిలా చూస్తున్నాడు.

"కాలు జూసే తెచ్చిన. కాలు మంచిదే," అన్నాడు యోబు. "ఎనక నిలవెట్టేటోణ్ణి ముంగట ఆడియ్యమన్న. తప్పు నాది. పిల్లగానిది కాదు."

ధర్మేందర్ ఏదో అనబోయి, తలుపు వైపు చూసి ఆగిపోయాడు. జాన్సన్ మొహం వెలిగింది. "నేనప్పుడే అనుకున్న పెద్దబాపూ," అని గొణిగి, సిగ్గుపడి వరండాలోకి పోయాడు.

శ్రీనివాస్ గడియారం చూశాడు. ఆరుకు ఇరవై నిమిషాలు. "నమ్మిన. గొర్లకాపరినే తీస్కుందాం. నెలకు పన్నెండు వేలు ఏడికెల్లి తేవాలె? నా షాపుల గోడలు అమ్మాల్నా?"



ప్రతి ఏడూ వేసవిలో, ఉంచుకోలేని ఆటగాళ్ళ ఇళ్ళకు యోబే వెళ్ళేవాడు. ఫోనులో ఎవరికీ చెప్పలేదు ఎప్పుడూ. గడపలో కూర్చుని, ముందు మంచినీళ్ళు అడిగి తాగేవాడు. నీళ్ళు తాగినవాడు ఆ ఇంటికి చుట్టమవుతాడు, చుట్టం చెప్పిన చెడు కబురు కొంచెం తక్కువగా గుచ్చుకుంటుంది. తర్వాత తల్లి ఎలా ఉందని అడిగేవాడు. అప్పుడు, గొంతు ఎక్కువా తక్కువా కాకుండా, ఉన్న మాట చెప్పేవాడు. చెప్పాక ఎక్కువసేపు కూర్చునేవాడు కాదు. కూర్చుంటే వాళ్ళు ఏడవలేరు.

"జెర మంచినీళ్ళియ్యి ధర్మేందరూ," అన్నాడు.

గ్లాసు ఖాళీ అయ్యేదాకా తాగాడు. తర్వాత శ్రీనివాస్‌ను అడిగాడు: "మీ అమ్మ మోకాళ్ళు ఎట్లున్నయి?"

"జెర నయమే అన్నా." శ్రీనివాస్‌కు అర్థం కాలేదు.

"మంచిది. బోర్డు మీద కాదు, నీ పుస్తకంల జూడు. నా పేరు ముంగట నెలకు ఎంతుంది?"

శ్రీనివాస్ చూడలేదు. చూడకుండానే అతనికి తెలుసు, పన్నెండు వేలని. "అన్నా, గట్లెట్లైతది?"

"ఎట్లనో అయితది. ఏరుడు అయిపోయింది, ఇగ ఏరేటోడెందుకు? నా పేరు తీసి పిల్లగాని పేరు రాయి. ఎల్లేష్. తండ్రి కుర్మయ్య. జల్దీ పంపు, ఆరైతాంది."

"వద్దన్నా," అన్నాడు శ్రీనివాస్. నిజంగానే అన్నాడు. కానీ ఇరవై రెండేళ్ళు మనుషులను చదివిన కళ్ళవి. వద్దన్న మాట కంటే ముందు శ్రీనివాస్ భుజాలు ఒక్క వేలెడు కిందికి దిగడం అవి చూశాయి. మోసి మోసి ఉన్నవాడు మూట దించినప్పుడు దిగే భుజాలు. అది చూసి యోబుకు కొంచెం నొప్పి పుట్టింది. మోకాలు వంగినప్పుడు పుట్టేదాని లాంటిదే, తెలిసిన నొప్పి.

ధర్మేందర్ లేచి నిలబడ్డాడు. వరండాలోకి వెళ్ళి ఎల్లేష్‌ను లోపలికి పిలిచాడు.

ఎల్లేష్ వట్టి కాళ్ళతో వచ్చాడు. నేల మీద తడి పాదాల గుర్తులు పడ్డాయి. యోబు కిందికి చూడబోయి, మానుకుని, వాడి మొహంలోకి చూశాడు.

"భయపడకు బిడ్డా. మందను జూసినట్టే జూడు."

"నువ్వు ఉంటవ్ గదా తాతా, మొదటాటకు?"

"బయట నిలవడి జూస్త."

వాడు కాగితం మీద ఒక్కొక్క అక్షరమే, నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, సంతకం చేస్తున్నాడు. కుర్మయ్య వాడి వెనక నిలబడి, చదవడం రాకపోయినా ప్రతి అక్షరాన్నీ లెక్క తప్పకుండా చూస్తున్నాడు. ఆ సందడిలో యోబు లేచి బయటికి వచ్చాడు. వాన వెలిసింది. వరండాలో తన చెప్పులు తొడుక్కుంటుంటే జాన్సన్ ఆటో తాళం చెవి తీశాడు.

"నడుస్త బిడ్డా. ఇయ్యాల నడవాలనిపిస్తాంది."

కడీల మధ్య నుంచి నడిచాడు. పడమటన మబ్బు చినిగి, పచ్చటి వెలుగు తడి గడ్డి మీద పరుచుకుంది. మట్టి లోంచి ద్రాక్ష వాసన వచ్చింది. ఈసారి దాన్ని ఎవరినీ అడగాలనుకోలేదు. ఎలీషమ్మకు ఎలా చెప్పాలా అని కాసేపు ఆలోచించి, ముందు మంచినీళ్ళు అడుగుదామనుకుని, తనలో తనే నవ్వుకున్నాడు. అతని నీడ ఒక కడీ నీడలో కలిసి, మళ్ళీ విడివడి, రోడ్డు దగ్గర మలుపు తిరిగింది.

గదిలో ఆరుకు నాలుగు నిమిషాల ముందు పేరు వెళ్ళిపోయింది. శ్రీనివాస్ అందరికీ టీ చెప్పాడు. ధర్మేందర్ బోర్డు తుడిచి, ఎల్లేష్ ఎక్కడ నిలబడాలో గీసి చూపించడం మొదలుపెట్టాడు. అందరూ అటే తిరిగి కూర్చున్నారు. వాళ్ళ వెనక, కిటికీ చువ్వ మీద, అంచు కుట్టు వదిలిన యోబు తెల్ల తువ్వాలు గాలి వచ్చినప్పుడల్లా కొంచెం లేచి వాలుతోంది. దాని మధ్యలోని తడి మరక, వెలుగు పోయేదాకా, చుట్టూ అంచుల నుంచి నెమ్మదిగా ఆరుకుంటూ చిన్నదవుతోంది.